గృహ క్రయము - భవన పరీక్ష

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్న సామెత పుట్టిన కాలమున ఇల్లు కొనువారు అరుదు. ఎవరి ఇల్లు వారే కట్టుకొనెడివారు. పునాది ఎంత లోతు తీసినదీ, గోడలో ఏ మట్టి పెట్టినదీ, దూలము ఏ చెట్టుదైనదీ ఇంటిల్లిపాదికీ తెలిసియుండెడిది. నేడు అట్లు కాదు. ప్రొద్దుటూరు శివారులలోను, పులివెందుల కొత్త వీధులలోను, జమ్మలమడుగు పాత బజారులోను ఇతరులు కట్టిన ఇంటిని, పలు చేతులు మారిన స్థలమును కొనువారే ఎక్కువ. కువైటులో పది పన్నెండేండ్లు శ్రమించి పంపిన సొమ్ముతో, తమ్ముడో బావమరిదో చూచి వచ్చి బాగున్నదని చెప్పిన ఇంటిని, తాము కంట చూడకయే కొన్న కుటుంబములు మన విద్యార్థుల ఇండ్లలోనే ఉన్నవి. జీవితకాలపు కష్టార్జితము ఒక్క సంతకముతో చేయి దాటును.

అట్టి కొనుగోలులో మనవారు ఎవరి సలహా తీసుకొందురు? పత్రములు చూచుటకు ప్లీడరుగారున్నారు. దిక్కులు చూచుటకు వాస్తు తెలిసినవారున్నారు. ధర చెప్పుటకు మధ్యవర్తి ఎట్లును ఉండును. అప్పిచ్చు బ్యాంకువారు తమ వాల్యూయరును పంపుదురు. కాని గోడను తట్టి, నేలను త్రవ్వి, కొలత వేసి, "ఇది కొనదగినది, ఇది కాదు, ఇది ఇంత తగ్గించిన కొనవచ్చును" అని కొనువాని పక్షమున నిలిచి చెప్పువాడు మాత్రము లేడు. ఇంగ్లండులో ఆ పని చేయువానిని బిల్డింగ్ సర్వేయరు అందురు. అచ్చట సర్వేయర్ల సంస్థ 1868లో ఏర్పడి, 1881లో రాజశాసనము పొందినది. మన వైపు సర్వేయరు అనగానే గొలుసు పట్టుకొని పొలము గట్ల వెంట నడచు ఉద్యోగియే స్ఫురించును. ఇండ్లను పరీక్షించు వృత్తి ఆ పేరుతో మనకు స్థిరపడలేదు. సివిల్ ఇంజనీర్లు, మునిసిపాలిటీ లైసెన్సు గలవారు, రిజిస్టర్డ్ వాల్యూయర్లు ఆ పనిలో తలా ఒక ముక్క చేయుచున్నారు. ఆ ముక్కలను ఒకచోట చేర్చి, మన మూడు పట్టణముల నేలకు అన్వయించి చూపుటకు ఇచ్చట ప్రయత్నించుచున్నాము.

మొదట చట్టము ఏమనుచున్నదో చూతము. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 55వ సెక్షను ప్రకారము, ఆస్తిలో గాని, తన హక్కులో గాని తనకు తెలిసిన ముఖ్యమైన లోపమును అమ్మువాడు కొనువానికి చెప్పవలెను. ఇది విని సంతోషించువారు ఆ వాక్యము చివరి భాగము కూడ చదువవలెను. కొనువాడు సాధారణమైన జాగ్రత్తతో కనుగొనలేని లోపములకే ఆ బాధ్యత పరిమితము. గోడమీద నిలువెత్తు పగులు కనబడుచుండగా చూడక కొన్నవాడు, తరువాత కోర్టుకు పోయి నాకు చెప్పలేదనిన లాభము లేదు. ఇక ఆ "సాధారణమైన జాగ్రత్త" ఎంతవరకు? సర్వేయరు వృత్తి అంతయు ఆ ప్రశ్నకు సమాధానమే అని మా అభిప్రాయము.

మన ప్రాంతమున ఆ జాగ్రత్త నేలతో మొదలు కావలెను. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతములలో నల్లరేగడి విస్తారముగా ఉన్నది. పత్తికి, శనగకు బంగారము వంటి ఈ నేల ఇంటికి మాత్రము మంచి మిత్రుడు కాదు. దీనిలోని మాంట్‌మోరిల్లొనైట్ అను బంకమన్ను రేణువులు నీటిని పీల్చి ఉబ్బును, ఎండకు ముడుచుకొనును. వేసవిలో మన పొలములు చేయి దూరునంత నెర్రెలు విచ్చుట ఎరుగని వారు లేరు. అదే కదలిక ఇంటిక్రింద కూడ జరుగుచుండును. అయితే ఇంటి నడుమ నేల నీడన ఉండి చెమ్మ నిలుపుకొనును. అంచుల నేల ఎండకు ఎండి, వానకు తడియును. అందుచేత ఇల్లంతయు ఒకే తీరుగా లేచి దిగక, మూలలు ఒక తీరున, నడిమి గోడలు ఒక తీరున కదలును. గోడ ఆ వంపును భరింపలేక, తలుపు పైమూల నుండి, కిటికీ క్రిందిమూల నుండి ఏటవాలుగా బీటలు వారును.

స్నానపు గది నీరు, ఇంకుడు గుంట, గోడను ఆనుకొని పెరిగిన వేపచెట్టు - ఈ మూడును రేగడిలో ఇంటికి చేటు తెచ్చునవే. మొదటి రెండు ఒకచోట నేలను ఎల్లప్పుడు తడిపి ఉబ్బించును. మూడవది వేళ్లతో నీటిని పీల్చి నేలను కుదించును. ఇది తెలిసి చెట్టును నరికివేసిన ఇంకొక చిక్కు: పీల్చు వేరు పోయిన తరువాత నేల తిరిగి చెమ్మ పట్టి, క్రమముగా పైకి లేచును. పెద్ద చెట్టు నరికిన మొద్దు గోడప్రక్కన కనబడిన, ఎన్నడు నరికినారని అడుగుట మరువరాదు.

మన్ను ఎంత ఉబ్బునో తెలిసికొనుట కాలేజీ ప్రయోగశాలలో చేయదగినంత సులభము. ఆరబెట్టి సన్నని జల్లెడ పట్టిన మన్ను పది గ్రాముల చొప్పున రెండు కొలత జాడీలలో పోసి, ఒకదానిలో నీరు, రెండవదానిలో కిరోసిను పోసి ఒక దినము ఉంచవలెను. కిరోసినులో మన్ను ఉబ్బదు. నీటిలోని మన్ను దానికన్న ఎంత శాతము ఎక్కువ చోటు ఆక్రమించినదో అదే దాని ఉబ్బు సూచి. విద్యార్థులు తమ ఇంటి దొడ్డిమన్ను తెచ్చి చూచిన ఆశ్చర్యపోదురు.

ఈ నేలలో గట్టి పునాది వేయుట అసాధ్యము కాదు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇందుకొరకే అండర్ రీమ్డ్ పైల్ అను పద్ధతిని వృద్ధి చేసినది. నేల కదలిక తగ్గు లోతు వరకు, అనగా సుమారు మూడున్నర మీటర్ల వరకు సన్నని గుంటలు తవ్వి, అడుగున కాండము వెడల్పునకు రెండున్నర రెట్లుండు బల్బు ఆకారము చేసి కాంక్రీటు నింపుదురు. బల్బు నేలను పట్టుకొనియుండును. ఖర్చు ఎక్కువని జంకి, చాలమంది మూడు నాలుగు అడుగుల లోతున రాళ్లు పేర్చి గోడ లేపుదురు. కొనువాడు అడుగవలసిన మొదటి ప్రశ్న గదులెన్ని అని కాదు. పునాది ఎట్టిది, వేసినప్పుడు తీసిన ఫోటో గాని, మేస్త్రీ గాని ఉన్నాడా అని.

ఇచ్చట ఒక రహస్యము చెప్పవలెను. రేగడి నేలమీది ఇంటిలో బీటలు ఏప్రిల్, మే నెలలలో విచ్చుకొని, వానలు పడిన తరువాత మూసుకొనును. మిద్దె కారుట వానకాలమున బయటపడి, వేసవిలో జాడ లేక పోవును. కావున అక్టోబరులో చూచినవానికి బీటలు కనబడవు, మేలో చూచినవానికి కారుట కనబడదు. ఇల్లు రెండు ఋతువులలో రెండుసార్లు చూడవలెను. అంత వ్యవధి లేనిచో, రంగును చూడవలెను. ఇల్లంతయు పాతబడి ఒక్క గోడకే కొత్త రంగు, ఒక్క గదికే కొత్త సీలింగు ఉన్న, అచ్చట ఏమి దాచినారని నిర్మొగమాటముగా అడుగవలెను. ఒక ఇంటిలో పడకగది గోడకు నిలువెత్తు బీరువాను ఆనించియుండగా, ప్రక్కకు జరుపుమని మేము కోరితిమి. "సామాను కదిలిస్తే దుమ్ము లేస్తుంది సార్" అని ఇంటివారు తప్పించుకొనజూచిరి. జరిపిన తరువాత వేలు దూరునంత బీట కనబడినది. కొనదలచినవారు బయానా ఇయ్యకయే వెనుకకు మరలిరి.

బీట కనబడినంత మాత్రమున ఇల్లు పనికిరాదనుట కూడ పొరపాటు. వెంట్రుకవాటు బీటలు పూత ఎండుటవలన వచ్చునవి. బీట నిలిచిపోయినదా, ఇంకను నడచుచున్నదా అన్నదే ముఖ్యము. పూర్వపు మేస్త్రీలు బీటకు అడ్డముగా గాజుముక్కను అతికించి దానిపై తేది వ్రాసెడివారు. గోడ కదలినచో గాజు పగులును. ఇది నేటికిని చవకయైన, నమ్మదగిన పరీక్ష.

పాత ఇండ్ల సంగతి వేరు. మట్టిమిద్దెలు మన సీమ మేధకు గుర్తులు. దూలములమీద దంతెలు, వానిమీద కట్టెలు లేక బండలు, ఆపైన మన్ను, అన్నిటిపైన చవుడు పరతురు. సోడియము గల చవుడు తడిసినప్పుడు రేణువులు చెదరి సందులను పూడ్చును. అందుచేత నీరు దిగదు. రసాయనశాస్త్రము చదువని రైతు దీనిని కనిపెట్టినాడు. అయితే కారినప్పుడెల్ల పాత మన్ను తీయక కొత్త మన్ను పోయుట అలవాటు. ఒక అడుగు మందము మన్ను చదరపు అడుగునకు సుమారు 45 కిలోల బరువు తూగును. అయిదంగుళముల కాంక్రీటు శ్లాబు సుమారు 30 కిలోలే. తాతలనాటి దూలముపై తండ్రి ఒక పొర, కొడుకు ఒక పొర పోసిన తరువాత ఆ ఇంటిలో నిద్రించుట సాహసమే. గోడలోనికి దిగిన దూలపు కొనను స్క్రూడ్రైవరుతో పొడిచి చూడవలెను. చెదలు మొదట తినునది అచ్చటనే.

కడప బండను గురించి మనకు గర్వముండుట న్యాయమే. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు పరిసరముల క్వారీల నుండి వెళ్లిన నల్లని సున్నపురాతి బండలు దేశమంతట గడపలు, అరుగులు, వంటింటి అరలు అయినవి. పొరలు పొరలుగా చీలుట దాని సుగుణము, అదియే దాని దోషము. నొక్కిన తట్టుకొనును, వంచిన తట్టుకొనలేదు. ముందుగా హెచ్చరింపక ఒక్కసారిగా విరుగును. కప్పుకు బండలు వాడిన ఇంటిలో ప్రతి బండ అడుగు భాగమును వెలుతురుపెట్టి చూడవలెను. అడ్డముగా సన్నని గీత ఉన్న బండ మార్చవలసినదే. సున్నపురాయి గనుక నిమ్మరసమునకు, ఆసిడునకు తెల్లబడును. అది అందమునకే గాని బలమునకు సంబంధించినది కాదు.

పులివెందుల వైపు ఇంకొక జాగ్రత్త కలదు. ఆ ప్రాంతమున ముగ్గురాయి, రాతినార గనులు త్రవ్విన చరిత్ర ఉన్నది. పాత గోతిని పూడ్చి ప్లాటు వేసినచో పైకి చదునుగానే కనబడును. పూడ్చిన నేల ఏండ్ల తరబడి కుంగుచుండును. ఊరి పెద్దలను అడిగిన ఒక్క పూటలో తెలియును. ప్రొద్దుటూరు బజారులలో చిక్కు మరియొకటి: ఉమ్మడి గోడలు. ఒకే గోడమీద ఇరుగుపొరుగు దూలములు రెండును ఆనియుండును. కొన్న తరువాత మీ ఇల్లు పడగొట్టి కొత్తది కట్టదలచిన, ప్రక్కవాని ఇల్లు నిలుచుటెట్లు? దస్తావేజు చెక్కుబందిలో గోడ ఎవరిదని వ్రాసినదో చూచుకొనక కొన్నవారు ఇల్లు కట్టుటకు బదులు వ్యాజ్యము కట్టుకొన్నవారే. జమ్మలమడుగు వైపు జలాశయముల ముంపు రేఖలను విచారించుట తప్పనిసరి. గండికోట జలాశయమున నీరు నిలుపుటకై 2020లో తాళ్లప్రొద్దుటూరు వంటి ఊరే ఖాళీ అయినది.

కొలతల విషయమున మన పూర్వులనుండి వచ్చిన లెక్క చక్కనిది. 1800లో నిజాము నుండి కంపెనీకి దత్తమైన ఈ జిల్లాలలో థామస్ మన్రో చేయించిన సర్వేలో గొలుసు 33 అడుగులు. నలుబది చదరపు గొలుసులు ఒక ఎకరము. నేడు మనము వాడు సెంటు ఎకరములో నూరవ వంతు, అనగా 435.6 చదరపు అడుగులు. 33 అడుగుల వెడల్పు, 66 అడుగుల పొడవు గల స్థలము సరిగా అయిదు సెంట్లు. కాని నాలుగు ప్రక్కలు కొలిచి సరిపోయినవని తృప్తి చెందరాదు. ప్రక్కలు అవే ఉండి స్థలము ఏటవాలుగా ఉన్న, వైశాల్యము తగ్గును. మూల లంబకోణమునకు బదులు డెబ్బది డిగ్రీలైన, పై స్థలములో సుమారు 131 చదరపు అడుగులు మాయమగును. రెండు కర్ణములను టేపుతో కొలువవలెను. అవి సమానమై, సుమారు 73 అడుగుల తొమ్మిదిన్నర అంగుళములు వచ్చినచో స్థలము సరియైనది. పదవ తరగతి గణితమే ఇచ్చట సొమ్ము కాపాడును.

ఇక పత్రములు. దస్తావేజు, బయానా, నకలు, హక్కు, వారసుడు, జమాబందీ - ఈ శాఖలో తెలుగువాడు పలుకు మాటలలో సగము ఉర్దూ పారసీకముల నుండి వచ్చినవే. మన కళాశాల విద్యార్థులకు ఈ వృత్తి పరాయిది కాదనుటకు ఇంతకన్న నిదర్శనము వేరొకటి ఏల? నవాబుల కాలపు ఇనాము, వక్ఫు కాగితములలోని మాటలు చదివి అర్థము చెప్పగలవారు నేడు అరుదైనారు. ఉర్దూ తెలుగు రెండును తెలిసినవానికి ఈ పనిలో చోటున్నది.

ఈసీ చూచినాము, ఏ బాధయు లేదు అని నిశ్చింతగా ఉండువారు కలరు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనబడును. వీలునామా, కోర్టు వ్యాజ్యము, నోటిమాట దానము, వారసుల వాటా అందులో ఉండనక్కరలేదు. అసలు దస్తావేజులు చూపక జిరాక్సు మాత్రమే చూపినచో, అసలువి ఏ బ్యాంకు లాకరులో తాకట్టుగా ఉన్నవో యని సందేహింపవలెను. ఇంటిలో అద్దెకున్నవానిని ప్రక్కకు పిలిచి, నీవు ఏ హక్కుతో ఉన్నావని అడుగవలెను. స్వాధీనములో ఉన్నవాని హక్కు కొనువానికి తెలిసినట్లే చట్టము భావించును. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ద్వారా అమ్మకమును నమ్మినవారికి, దానివలన యాజమాన్యము రాదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టముగా చెప్పినది.

వారసుల విషయమున మాత్రము కొంచెము ఆగి చెప్పవలెను. ఒక ముస్లిము గృహస్థుడు తల్లిదండ్రులు ముందే గతింపగా, భార్యను, ఇద్దరు కొడుకులను, ఒక కూతురును విడిచి మరణించినాడనుకొందము. సున్నీ హనఫీ ధర్మము ప్రకారము ఇంటిని నలుబది భాగములు చేసినచో భార్యకు 5, ఒక్కొక్క కొడుకునకు 14, కూతురునకు 7. అన్నదమ్ములిద్దరే సంతకము చేసి అమ్మిన, కొన్నవానికి వచ్చునది నలుబదిలో 28 భాగములే. పెండ్లిలో కట్నమిచ్చితిమి గనుక చెల్లెలికి వాటా లేదని చెప్పుట మన ఇండ్లలో వినబడు మాట. అది ఆచారమే గాని ధర్మమును కాదు, చట్టమును కాదు. ఏండ్ల తరువాత ఆ చెల్లెలి కొడుకు కోర్టుకు వచ్చిన, నష్టపోవునది కొన్నవాడు. హిందూ కుటుంబములలోను ఇదే జాగ్రత్త అవసరము. ఉమ్మడి ఆస్తిలో కూతురునకు సమాన హక్కును మన రాష్ట్రము 1985 సెప్టెంబరు నుండియే ఇచ్చినది. అప్పటికి పెండ్లి కానివారికి అది వర్తించినది. 2005లో కేంద్ర చట్టము పెండ్లియైనవారికి కూడ ఆ హక్కు కలిగించినది. తల్లి, అక్కచెల్లెండ్రు అందరి సంతకములు లేని దస్తావేజును సలహాదారు మెచ్చరాదు. ఇది కొనువాని క్షేమము, ఆ స్త్రీల న్యాయము కూడ.

నోటిమాటతో చేసిన హిబాకు రిజిస్ట్రేషను అవసరము లేదు. కాని ప్రకటన, స్వీకారము, స్వాధీనము మూడును జరిగియుండవలెను. స్వాధీనము జరిగినదా అన్నది ఇల్లు చూచువాడు కనిపెట్టగలడు: కరెంటు బిల్లు, ఇంటిపన్ను ఎవరి పేరున ఉన్నవి, అద్దె ఎవరు తీసుకొనుచున్నారు అని. వక్ఫు ఆస్తి అమ్మకము, 1995 చట్టమునకు 2013లో చేసిన సవరణ తరువాత, చెల్లనే చెల్లదు. పాత దర్గా, మసీదు పరిసరముల స్థలము కొనదలచినవారు గెజిటును చూడక ముందుకు పోరాదు. ప్రభుత్వము పేదలకిచ్చిన డి-పట్టా భూముల అమ్మకమును 1977 చట్టము నిషేధించినది. ఇరువది ఏండ్లు దాటిన అసలు పట్టాదారులకు 2023 సవరణ వెసులుబాటు ఇచ్చినది. రిజిస్ట్రేషను చట్టము 22-ఏ జాబితాలో సర్వే నంబరు ఉన్నదేమో చూచుట అయిదు నిమిషముల పని. 2020లో మొదలైన రీసర్వే జరిగిన గ్రామములలో పాత సర్వే నంబరు, కొత్త ఎల్పీఎం నంబరు రెండును సరిపోల్చవలెను.

సలహాదారు ఎవరి సొమ్ము తినుచున్నాడన్నది మిగిలిన ప్రశ్న. బ్యాంకు పంపిన వాల్యూయరు బ్యాంకువాడు. తన అప్పు మునుగునా లేదా అన్నదే అతడు చూచును. ఆ నివేదికను నమ్మి ఇల్లు కొన్న సామాన్యురాలి వ్యాజ్యములో, వాల్యూయరు ఆమెకు కూడ బాధ్యుడే అని ఇంగ్లండు ప్రభువుల సభ 1989లో తీర్పు చెప్పినది. పరీక్షకుడు కొనువాని వద్దనే రుసుము తీసుకొనవలెను. అమ్మువాని వద్దగాని, మధ్యవర్తి వద్దగాని ఒక్క రూపాయి ముట్టినను వాని మాటకు విలువ లేదు. కొనుగోలు జరిగినను జరుగకున్నను రుసుము ఒకటే కావలెను; జరిగిననే సొమ్ము అన్నచో, జరుగుటకే సలహా పుట్టును.

సివిల్ డిప్లొమా గాని డిగ్రీ గాని చదివిన విద్యార్థి ఈ వృత్తికి రాదగినవాడు. స్థల భవనముల రిజిస్టర్డ్ వాల్యూయరు కాదలచిన, 2017 నిబంధనల ప్రకారము ఇంజనీరింగు డిగ్రీతో అయిదేండ్ల అనుభవము ఉండి, పరీక్ష ఉత్తీర్ణులు కావలెను. పనిముట్లు పెద్ద ఖర్చైనవి కావు: తూకపు గుండు, రసమట్టము, మూలమట్టము, వంద అడుగుల టేపు, చిన్న సుత్తి, టార్చిలైటు. సుత్తితో తట్టినప్పుడు గట్టి శ్లాబు ఖంగుమనును. లోపల ఇనుము తుప్పుపట్టి కాంక్రీటు పొర విడినచోట బోలుగా పలుకును. ఆ తేడా చెవికి పట్టువడుటకు ఒక మంచి మేస్త్రీ వెంట ఆరు నెలలు తిరుగుట మేలు.

నివేదికను తెలుగులో, అవసరమైనచోట ఉర్దూలో, ఇంటి ఆడవారు సైతము చదువగల మాటలలో వ్రాయవలెను. చూచిన దినము, వాతావరణము, చూడలేక పోయిన చోట్లు మొదట ఉండవలెను. తాళము వేసిన గది ఉన్న, చూడలేదనియే వ్రాయవలెను. తరువాత ఒక్కొక్క లోపము, దానిని బాగుచేయుటకు అగు ఖర్చు, ఆ ఖర్చు తీసివేసిన తరువాత ఇంటికి ఈయదగిన ధర. క్రింద సంతకము, లైసెన్సు నంబరు, పుచ్చుకొన్న రుసుము ఎంతో అంకెలలోను అక్షరములలోను.